వానను తిట్టకూడదంట

మా ఇంట్లో కరెంటోళ్లను తిట్టచ్చు, క్రికెట్ టీమును తిట్టచ్చు, నన్నైతే రోజూ తిట్టచ్చు. వానను మాత్రం తిట్టకూడదు. అది మా అవ్వ పెట్టిన రూలు. ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, ఆలూరు, మా పడమటి కర్నూలు పక్క ఏ పాత ఇంట్లో అడిగినా ఇట్లాంటి రూలు ఒకటి ఉంటుంది. ఇల్లు ఉరవనీ, గోడ తడవనీ, పెండ్లి పందిరి కొట్టుకుపోనీ, "వచ్చిందిలే తల్లి" అనాలి. అంతే.

పోయిన మే నెలలో మా అక్క ఆ రూలు దాటింది. ఈ వ్యాసం దాని గురించి. (నాది ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఒత్తులు, పొల్లులు తప్పితే ఎడిటర్ అన్నను తిట్టండి, ఆయన్ను తిట్టడానికి మా ఇంట్లో అభ్యంతరం లేదు.)

మా అక్క హైదరాబాద్‌లో ఉన్న ఒక కంపెనీకి పని చేస్తుంది. పేరు రాయను. పని మాత్రం ఎమ్మిగనూరు నుంచే. వర్క్ ఫ్రమ్ హోమ్. అమెరికా క్లయింటు కాబట్టి మధ్యాహ్నం రెండుకు లాగిన్, రాత్రి పదకొండుకు లాగౌట్. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఆగిపోతే టికెట్ వస్తుంది, ఈమె చూడాలి, ఇన్ని నిమిషాల్లో జవాబు ఇవ్వాలి అని లెక్క ఉంటుంది. మా వీధిలో అమ్మాయి ఇంట్లో కూర్చొని అంత జీతం తెస్తుంటే అందరికీ ముచ్చటే. మా అమ్మకైతే రెండింతలు ముచ్చట. కూతురు కండ్ల ముందే ఉంది కదా.

మా ఇల్లు ఎట్ల ఉంటుందో చెప్పాలి, లేకుంటే కథ అర్థం కాదు. ముందర రెండు గదులు సిమెంటు కప్పు. వెనక పెద్ద గది మా తాత కాలంనాటి మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి, పైన చౌడు. వానాకాలానికి ముందు ప్రతి ఏడూ చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరచాలి. ఆ ఉప్పు మన్ను తడిస్తే గట్టిగా పట్టుకొని నీళ్లు దిగనీయదు. పరచకపోతే ఉరుస్తుంది. ఆ వెనక గదిలోనే మా నాయన మగ్గం. గుంట మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసేది. మగ్గం చప్పుడు ఫోన్లో వినపడకూడదని అక్క ముందర గదిలో తలుపేసుకొని కూర్చుంటుంది.

ఆ రోజు సాయంత్రం ఆరు దాటింది. నేను సెమిస్టర్ సెలవులకు ఇంట్లో ఉన్నా. పడమటి పక్క ఆకాశం ఎర్రగా అయింది, దుమ్ము లేచింది. మే నెలలో మా పక్క ఇది మామూలే. ముందు గాలి, తర్వాత వడగండ్లు ఉంటే వడగండ్లు, తర్వాత వాన. గాలి మొదలైన రెండు నిమిషాలకే కరెంటు పోయింది. తీగలు తెగి ఎవరి మీదైనా పడతాయని గాలివాన అప్పుడు వాళ్లే లైను ఆపేస్తారు, అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. వైఫై పోయింది. అక్క ఫోన్ హాట్‌స్పాట్ పెట్టింది. అప్పుడే వీధి చివర యాప చెట్టు కొమ్మ విరిగి ఫైబర్ తీగ మీద పడింది. అది వేరే సంగతి, ఆ తీగ మూడు రోజులు అట్లనే వేలాడింది.

చౌడు ఇంకా పరచలేదు. జూన్‌లో చేద్దాంలే అనుకున్నాం. వెనక గదిలో నాలుగు చోట్ల ఉరవడం మొదలైంది. అమ్మ బిందె, దబరా, ఆఖరికి ఇడ్లీ పాత్ర కూడా పెట్టింది. వాకిలి నీళ్లు గడప దాటి మగ్గం గుంతలోకి దిగుతున్నాయి. నాయన చీర సగం నేసిన పడుగు మీద ప్లాస్టిక్ కవర్ కప్పుతూ, "రేయ్, చెంబు తీస్కరా" అని అరుస్తున్నాడు. నేను ఎక్కడున్నా అంటే, కిటికీ దగ్గర అక్క ఫోన్ పైకెత్తి పట్టుకొని నిలబడినా. అక్కడైతే రెండు గీతలు సిగ్నల్ వస్తుంది. చెయ్యి దించితే ఒక గీత. అంటే ఇంట్లో గట్టి చెయ్యి ఉన్న మగపిల్లవాడు ఒక్కడే, వాడు టవర్‌గా పని చేస్తున్నాడు.

అక్క కాల్‌లో ఉంది. చీకట్లో ల్యాప్‌టాప్ వెలుగు మొహం మీద పడుతోంది. మాట్లాడేటప్పుడు మ్యూట్ తీస్తుంది, ఇడ్లీ పాత్రలో టప్ టప్ వినపడకుండా వెంటనే మ్యూట్ వేస్తుంది. అటువైపు మేనేజర్ ఏదో అడిగాడు. అక్క ఇంగ్లీషులో చెప్పింది, "సారీ, నెట్‌వర్క్ ఇష్యూ." ఐదు నిమిషాల్లో ఆ మాట నాలుగు సార్లు చెప్పింది. తర్వాత కాల్ తెగిపోయింది. టవర్‌కే బ్యాటరీ అయిపోయిందేమో, నా చేతిలో గీతలన్నీ పోయినాయి.

అప్పుడు అక్క ల్యాప్‌టాప్ టపీమని మూసి, "ఈ పాడు వాన ఇప్పుడే రావాల్నా, దీని పాడెగట్ట" అనింది.

అవ్వ ముందర గది మూలలో కూర్చొని ఉంది. కిటికీలోంచి వస్తున్న జల్లుకు చెయ్యి చాచి తడుపుకుంటోంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏమీ అనలేదు. అవ్వ ఏమీ అనకపోతే అది తిట్టు కంటే పెద్దది. ఆ రాత్రి సంగటి కూడా సగమే తినింది.

అవ్వకు అంత బాధ ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. మనం సోషల్ బుక్‌లో కరువులు అని రెండు మార్కులకు చదువుకున్నాం. 1876లో మొదలైన ధాత కరువు అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినాకే కర్నూలులో కలిసింది. ఆ కరువులో మద్రాసు రాజధాని మొత్తంలో ఘోరంగా దెబ్బతిన్న పక్కల్లో బళ్లారి, కర్నూలు ఉన్నాయి. రాష్ట్రంలో తక్కువ వాన పడే చోట్లలో ఇప్పటికీ మాదొకటి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం పక్క ఊర్లల్లో వానలు సరిగా పడని ఏడు ఇండ్లకు ఇండ్లు తాళాలేసుకొని గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపడానికి, పత్తి ఏరడానికి పోతాయి. ముసలోళ్లు, మేకలు మాత్రం ఊర్లో ఉంటారు. అట్లాంటి చోట పుట్టిన మనిషికి వాన అంటే వాతావరణం కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది. నాకప్పుడు మూడేండ్లు, ఏమీ గుర్తు లేదు. అప్పుడు కూడా అవ్వ నదిని తిట్టలేదని అమ్మ చెప్తుంది. "మనుషులు దారికి అడ్డం కట్టుకుంటే అదేం చేస్తాది" అనిందంట.

అట్లాంటి ఇంట్లో, అంత పెద్ద నదిని కూడా తిట్టని ఇంట్లో, ఒక టికెట్‌కు జవాబు ఆలస్యమైందని వానను తిట్టాం. నేను అక్కను తప్పు పట్టడం లేదు. నాకు కోపం వేరే దాని మీద.

ఆ "నెట్‌వర్క్ ఇష్యూ" అనే మాట మీద.

గమనించండి, మనం ఎవ్వరం నిజం చెప్పం. ఆన్‌లైన్ క్లాసులప్పుడు మనమూ ఇదే అన్నాం. అమ్మకు జ్వరం, నెట్‌వర్క్ ఇష్యూ. ఇంట్లో చుట్టాలు, నెట్‌వర్క్ ఇష్యూ. పడుకొని లేవలేదు, అప్పుడైతే తప్పకుండా నెట్‌వర్క్ ఇష్యూ. అక్కను అడిగినా, "ఎందుకే, గాలివాన వచ్చింది, ఇల్లు ఉరుస్తాంది అని చెప్పచ్చు కదా" అని. ఆమె నన్ను పిచ్చోడిని చూసినట్టు చూసింది. "రేయ్, కాల్‌లో పదిమంది ఉంటారు. గచ్చిబౌలిలో పదిహేనో అంతస్తులో కూర్చున్నోళ్లు. వాళ్లకు మా ఇల్లు ఉరుస్తాంది అని చెప్పాల్నా?" అనింది.

అంటే అది అబద్ధం కాదు, సిగ్గు. నెట్‌వర్క్ పోవడంలో సిగ్గు లేదు, అది ఎవరికైనా పోతుంది. ఇల్లు ఉరవడంలో సిగ్గు ఉంది. అది మనకే ఉరుస్తుంది.

సీఎస్‌ఈ వాడిగా నాకు ఇంకో కోణం కనిపిస్తుంది. మనకు ల్యాబ్‌లో మొదట నేర్పేది ఏంది? ఎర్రర్ వస్తే దాని అసలు కారణం లాగ్‌లో రాయి. డిస్క్ నిండిపోయి ప్రోగ్రామ్ ఆగిపోతే, లాగ్‌లో "నెట్‌వర్క్ ఎర్రర్" అని రాసే కోడ్ రాస్తే మేడమ్ రికార్డు విసిరికొడుతుంది. ఎందుకంటే అది చూసినోడు రౌటర్ మారుస్తాడు, డిస్క్ అట్లనే ఉంటుంది, రేపు మళ్లీ ఆగిపోతుంది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఊర్ల నుంచి పని చేసేవాళ్లు ఎంతోమంది ఒకే తప్పు ఎర్రర్ కోడ్ పంపిస్తున్నారు. అటువైపు ఉన్నోడు ఏం చేస్తాడు? "మీ లొకేషన్‌లో బ్యాకప్ నెట్ పెట్టుకోండి" అంటాడు. అక్కకు నిజంగానే ఆ మెయిల్ వచ్చింది. రెండో సిమ్, ఇన్వర్టర్ పెట్టుకోమని. ఇన్వర్టరు, బ్యాటరీ కలిపి ఇరవై వేల పైమాటే. అది ఎవరు కట్టాలో మెయిల్‌లో లేదు. అదే వారం హెచ్ఆర్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది, ఒత్తిడి తగ్గించుకోవడం ఎట్ల అని. కండ్లు మూసుకొని గట్టిగా ఊపిరి పీల్చి, పది లెక్కపెట్టి వదలాలంట. ఇడ్లీ పాత్ర నిండడానికి అంత టైమే పడుతుంది, లెక్కపెట్టుకోవడానికి పనికొస్తుంది.

2023 అక్టోబరులో నారాయణ మూర్తి వారానికి 70 గంటలు పని చేయాలి అన్నప్పుడు మనం క్యాంటీన్‌లో ఎంత గొడవ చేసినామో గుర్తుందా. మూడు టీలు అయిపోయినాయి. కానీ నాకిప్పుడు అనిపిస్తుంది, ఎన్ని గంటలు అనేది సగం ప్రశ్నే. ఏ గంట అనేది మిగతా సగం. అక్కకు తొమ్మిది గంటల పని కష్టం కాదు. గాలివాన వచ్చిన ఆ ఒక్క గంట ఆమె ఇంటికి కావాలి. ఆ గంటలో చెంబు పట్టుకోవాలి, నాయనకు కవర్ ఒక కొస పట్టుకోవాలి. రాత్రి పన్నెండుకు కూర్చొని చేయమన్నా ఆ పని చేసేస్తుంది.

ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చిన కొత్త రోగం అనుకోకండి. ఆదోనిలో మా మామ ఉన్నాడు, అమ్మకు అన్న. పత్తి మండీలో గుమాస్తా. ఏ మండీనో వదిలేయండి. ఆదోని మార్కెట్ యార్డు రాష్ట్రంలోనే పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. అక్టోబరు వస్తే యార్డు అంతా తెల్లగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో తుపాన్లు. పోయిన ఏడు అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం పక్కన తీరం దాటింది. (ఆ పేరు థాయ్‌లాండ్ పెట్టింది, సువాసన వచ్చే పువ్వు అని అర్థమంట. పేరు పెట్టినోళ్లకు ఇల్లు ఉరవదేమో.) మా దగ్గర గాలి పెద్దగా లేదు, ముసురు పట్టింది. పత్తికి ముసురు గాలివాన కంటే చెడ్డది.

ఎందుకంటే పత్తికి తేమ లెక్క ఉంటుంది. సీసీఐ మద్దతు ధరకు కొనాలంటే తేమ 8 శాతం దగ్గర ఉండాలి, ఎక్కువైతే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 దాటితే ఆ అంకె కాగితం మీదే ఉంటుంది. పోయిన ఏడు నుంచి అమ్మకానికి స్లాట్ కూడా యాప్‌లోనే బుక్ చేసుకోవాలి, కపాస్ కిసాన్ అని. నేను ఆ యాప్ తెరిచి చూసినా. మనలాంటోళ్లే ఎవరో రాసింటారు. తేదీ పెట్టడానికి చోటుంది. ముసురు పట్టింది అని పెట్టడానికి చోటు నాకు కనపడలేదు.

సరే, మామ సంగతి. ఆ రెండు రోజులు మామ పొద్దున ఐదుకే యార్డుకు పోయినాడు. మూటల మీద పట్టలు కప్పాలి, కింద నీళ్లు రాకుండా చూసుకోవాలి, సావుకారు గంటకోసారి ఫోన్. "మూటలు తడిసినాయా?" అదే ప్రశ్న. మామ ఇల్లు పల్లం వీధిలో. మోరీ నీళ్లు వంటింట్లోకి వచ్చినాయి. అత్త ఒక్కతే బియ్యం డబ్బా, గ్యాసు సిలిండరు మంచం మీదికి ఎక్కించింది. సిలిండరు ఎత్తబోయి నడుం పట్టేసింది. మామ రాత్రి తొమ్మిదికి వచ్చి చూస్తే అత్త మంచం కోడుకు ఆనుకొని నేల మీద కూర్చొని ఉంది. మంచం మీద సిలిండరు ఉంది కదా.

మామ సావుకారుకు ఏం చెప్పినాడో తెలుసా, మరుసటి రోజు ఆలస్యంగా పోయినందుకు? "బండి స్టార్ట్ కాలేదు సార్."

మామ చదివింది ఏడో తరగతి. అక్క బీటెక్ డిస్టింక్షన్. మాట మాత్రం ఒకటే. ఒకరికి నెట్‌వర్కు పాడైంది, ఒకరికి బండి పాడైంది. ఇల్లు మాత్రం ఎవరికీ పాడు కాదు.

కంపెనీలకు నష్టం లెక్కపెట్టడం రాదని కాదు. బాగా వచ్చు. 2022 వానల్లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది గుర్తుందా, సాఫ్ట్‌వేర్ వాళ్లు ట్రాక్టర్లు ఎక్కి ఆఫీసులకు పోయిన వీడియోలు? ఆ రోడ్డు మీద కంపెనీల సంఘం అప్పుడు ముఖ్యమంత్రికి ఉత్తరం రాసింది. ఆగస్టు 30న ఉద్యోగులు ఐదు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 225 కోట్లు నష్టమైంది అని. చూడండి, గంటలకు కోట్లు లెక్క కట్టినారు. న్యాయమే, రోడ్డు బాగుచేయమని అడిగినారు. వాన వల్ల ఆఫీసుకు నష్టమైతే దాన్ని వాన అనే రాశారు, సిగ్గు పడలేదు. వాన వల్ల ఇంటికి నష్టమైతే మాత్రం మనం నెట్‌వర్క్ అని రాస్తాం.

ఇంకో లెక్క. క్లౌడ్ సర్వర్లు అమ్మేటప్పుడు 99.9 శాతం అప్‌టైమ్ అని గొప్పగా చెప్తారు. క్యాలిక్యులేటర్ తీసి చూడండి, ఆ మిగిలిన 0.1 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు. అంటే ఏసీ గదిలో, రెండు జనరేటర్లతో, కాపలా మధ్య ఉండే మెషీన్ కూడా ఏడాదికి ఒక పనిరోజు పడిపోవచ్చని కాగితం మీద ముందే ఒప్పుకుంటారు. ఎవరూ దాన్ని బాధ్యత లేని సర్వర్ అనరు. 99 శాతం అయితే మూడున్నర రోజుల పైనే. చౌడు పరచని మిద్దె కింద కూర్చున్న మా అక్కకు ఎంత? సున్నా. ఆమె ఒప్పంద కాగితంలో పడిపోయే టైమ్ అనే మాటే లేదు.

నేను అడిగేది చాలా చిన్నది. ఇంటి నుంచి పని చేసే టీముల్లో ఏడాదికి మూడో నాలుగో గాలివాన రోజులు ఉండాలి. సిక్ లీవ్ కాదు, క్యాజువల్ కాదు, అడుక్కునేది కాదు. "ఇక్కడ గాలివాన" అని ఒక్క మెసేజ్ పెట్టి లేచిపోవడం. ఆ టికెట్‌ను వాన లేని ఊర్లో ఉన్నోడు చూస్తాడు. రేపు వాడి ఊర్లో వాన వస్తే వీళ్లు చూస్తారు. మనం లోడ్ బ్యాలెన్సింగ్ అని పరీక్షలో పది మార్కులకు రాసేది ఇదే. మెషీన్లకు చేయగలిగింది మనుషులకు చేయలేరా? మగ్గానికి కూడా సెలవుంది. మా వీధిలో అమావాస్యకు మగ్గం మీద కూర్చోరు, ఎంత అర్జెంటు ఆర్డరైనా సరే.

ఇది చెప్తే మా నాయన నవ్వినాడు. "గుంతలోకి నీళ్లొస్తే నాకు వారం పని పోతుంది. గుంత ఆరాల, నూలు బిగువు సర్దుకోవాల. నన్ను ఎవడూ ఫోన్ చేసి అడగడు, నిజమే. డబ్బులూ ఎవడూ ఇయ్యడు. మీ అక్కకు నెల తిరిగితే జీతం పడుతుంది. నీకు ఏది కావాల్నో చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ గట్టి జవాబు లేదు. ఆ గాలివానకు నాయనకు పోయింది దాదాపు ఒక చీర కూలి. అక్కకు పోయింది ఒక రేటింగ్ పాయింటు. రెండూ పక్కన పెట్టి చూస్తే అక్క గొడవ చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ నాయన సావుకారుతో "గుంతలో నీళ్లొచ్చినాయి" అని నిజమే చెప్తాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు సిగ్గు లేదు, ఎందుకంటే వీధి మొత్తం గుంతల్లో అవే నీళ్లు. అక్క ఒక్కతే ఒక గదిలో తలుపేసుకొని ఉంది. ఆమె నీళ్లు ఎవరికీ కనపడవు.

అక్క అభ్యంతరం ఇంకా గట్టిది. "నువ్వు రేపు ఉద్యోగంలో చేరినాక చెప్పు చూద్దాం. నేనొక్కదాన్నే ఇల్లు ఉరుస్తాంది అంటే, తర్వాతిసారి ఈ ఊరోళ్లను తీసుకోరు. ఆఫీసుకు రమ్మంటారు. అమ్మా నాయనను వదిలి పోవాల" అనింది. ఇది నిజంగా జరిగే పని. ఊర్లో ఉండి పని చేయడం అనేది ఆడపిల్లలకు ఎంత పెద్ద వరమో మన క్లాసు అమ్మాయిలను అడగండి. దాన్ని పోగొట్టుకునే మాట ఎవరైనా ఎందుకు మాట్లాడతారు?

ఇక్కడే నాకు మా ఊరి మాచాని సోమప్ప గుర్తొస్తాడు. ఎమ్మిగనూరులో పుట్టినోళ్లకు ఆ పేరు తెలుసు, మిగతావాళ్లకు చెప్తా. 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం నిలబెట్టినాయన, 1954లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడు నాకు ఆయన గురించి తెలిసింది అంతే, జీకే బిట్టు. ఇప్పుడు ఆలోచిస్తే, సంఘం ఎందుకు కట్టాల్సి వచ్చింది? ఒక్క నేతగాడు సావుకారు ముందర నిలబడి నా కూలి ఇంత అంటే, సావుకారు పక్కింటోడికి నూలు ఇస్తాడు. వీధి మొత్తం ఒకే మాట అంటే ఎవరికి ఇస్తాడు? అక్క ఒక్కతే చెప్తే అది ఆమె ఇంటి సమస్య. టీములో నంద్యాల అమ్మాయి, శ్రీకాకుళం అబ్బాయి, కటక్ నుంచి పని చేసే ఇంకొకాయన, అందరూ ఒకే వారం "నెట్‌వర్క్ ఇష్యూ" బదులు "గాలివాన" అని రాస్తే అది డేటా. డేటాను మేనేజర్లు కాదనరు, దాంతోనే కదా వాళ్ల పీపీటీలు.

అక్క మొదట ఒప్పుకోలేదు. తర్వాత టీమ్ గ్రూపులో కాకుండా, వేరేగా ఆ నంద్యాల అమ్మాయికి మెసేజ్ పెట్టింది. ఆమె వెంటనే ఫోన్ చేసింది. గంటన్నర మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి వానొస్తే ప్రతిసారీ "ల్యాప్‌టాప్ అప్‌డేట్ అవుతోంది" అని చెప్తుందంట. నవ్వి నవ్వి ఇద్దరూ ఏడ్చినారు. నాకు తెలిసి గాలివాన తర్వాత అక్క మనసు తేలికైంది ఆ రోజే, ఊపిరి పీల్చి పది లెక్కపెట్టిన రోజు కాదు.

మొంథా ముసురప్పుడు మిద్దె ఉరవలేదు, జూన్‌లో చౌడు పరిచినాం. నేనే మోసినా, భుజం వారం నొప్పి. కానీ కరెంటు పోయింది, పోయి చాలాసేపు రాలేదు. ఇన్వర్టర్ కొనలేదు, ఆ డబ్బు నాయన పడుగుకు పోయింది. అక్క ఫోన్ తీసి గ్రూపులో ఇంగ్లీషులో టైప్ చేసి, పది నిమిషాలు పంపకుండా చూస్తూ కూర్చొని, చివరికి పంపింది. "మా ఊర్లో తుపాను వాన, కరెంటు లేదు. ఇంట్లో పని ఉంది. ఎల్లుండి శనివారం కూర్చొని పూర్తి చేస్తా." ఆ వెంటనే నంద్యాల అమ్మాయి "ఇక్కడ కూడా" అని పెట్టింది.

మేనేజర్ జవాబు ఇరవై నిమిషాలకు వచ్చింది. "ఓకే, టేక్ కేర్." దాని కింద ఇంకో లైను. "ఈటీఏ ఎప్పుడు?"

అక్క దాన్ని తెలుగులో చదివి వినిపించింది, కరెంటు ఎప్పుడొస్తుందో, వాన ఎప్పుడు నిలుస్తుందో అడుగుతున్నారు అని. అవ్వ మంచం మీద నుంచి లేచి కూర్చొని, "ఎవరు పాపా? ఆయప్పకు కూడా వాన కావాల్నా? చెరువు నిండినాక పంపిస్తామని చెప్పు" అనింది. అక్క ఆ మాట పంపలేదు లెండి. ల్యాప్‌టాప్ మూసేసింది, ఈసారి మెల్లగా. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చొని వేరుశనక్కాయలు వొలుచుకున్నారు.

రేటింగ్ మార్చిలో వస్తుంది. అక్కకు భయం ఉంది, నాకూ ఉంది. వచ్చినాక ఏమైందో తర్వాతి సంచికలో రాస్తా, ఎడిటర్ అన్న చోటిస్తే. ఈలోపు మీ ఇంట్లో ఆఫీసుకు ఏం చెప్తారో, నిజంగా ఏం జరుగుతుందో నాకు రాయండి. నెట్‌వర్క్ ఇష్యూ అని మాత్రం రాయద్దు.